లేచుట వేరు, లేపుట వేరు

నాతవరమునుండి విమానమెక్కుటకు బయలుదేరినవానికి ప్రయాణము విమానాశ్రయములో ప్రారంభము కాదు. ఊరి బస్సు నిలుచు చోటనే ప్రారంభమగును. ముందు నర్సీపట్నము చేరవలెను. అచ్చటనుండి అనకాపల్లి మీదుగా విశాఖపట్టణము పోవలెను. తెల్లవారుజామున విమానమున్నచో ముందునాటి సాయంకాలమే కదలి, విశాఖలో బంధువుల ఇంటనో, లాడ్జిలోనో ఒక రాత్రి తల దాచుకొనవలెను. హైదరాబాదులో మరియొక విమానము మారి పై దేశమునకు చదువునకు పోవు విద్యార్థియైనచో, పెట్టెలు మోసికొని వాని వెంట ఇంటివారందరును కదలుదురు. ఇంత దూరము వచ్చి కౌంటరు ముందు నిలిచినవానితో, ‘విమానము నిండినది, మీకు సీటు లేదు’ అని చెప్పినచో వాని స్థితి ఎట్లుండును? టిక్కెట్టు చేతిలోనే ఉన్నది. సొమ్ము ఎన్నడో చెల్లించినాడు. పేరు జాబితాలో ఉన్నది. లేనిది కూర్చుండుటకు చోటు మాత్రమే.

ఇది గుమాస్తా పొరపాటువలన జరిగినది కాదు. తెలిసి చేసిన పని. విమాన సంస్థలు కొన్ని తమకున్న సీట్లకంటె ఎక్కువ టిక్కెట్లు అమ్ముచుండును. దీనినే ఓవర్‌బుకింగ్ అందురు. కొన్నవారందరును వచ్చిన నాడు కొందరు ఆగిపోక తప్పదు. ఆ కొందరు ఎవరు? ఈ ప్రశ్నకు లోకము రెండు సమాధానములు చెప్పినది. సంస్థయే ఎవరినో ఒకరిని ఎంచి లేపుట మొదటిది. ‘మీలో ఎవరైన ఇష్టపడి లేతురా? లేచినవారికి ఇంత ఇచ్చెదము’ అని అడుగుట రెండవది. మొదటి పద్ధతినుండి రెండవదానికి వచ్చుటకు చాల కాలము పట్టినది. ఆ కథలో గణితము కలదు, అర్థశాస్త్రము కలదు, న్యాయశాస్త్రము కలదు. అన్నిటికంటె ముఖ్యముగా, మనిషిని అడిగి చేయుటకును అడుగక చేయుటకును గల భేదము కలదు.

లేని సీటుకు టిక్కెట్టు

విమాన సంస్థల పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. సంతలో సాయంకాలమునకు మిగిలిన వంకాయలు మరునాడు సగము ధరకైన పోవచ్చును. ఒకసారి గాలిలోనికి లేచిన విమానములోని ఖాళీ సీటును మరునాడు ఎవరును కొనరు. టిక్కెట్టు కొన్నవారిలో ప్రతిసారి కొందరు రారు. ఒకనికి జ్వరము వచ్చును. ఒకనికి పని వాయిదా పడును. ఒకడు దారిలోనే చిక్కుకొనును. ఆ సీట్లు ఖాళీగా పోయినచో ఆ నష్టమును మిగిలినవారి టిక్కెట్టు ధరలోనే రాబట్టుకొనవలసి వచ్చునని సంస్థల వాదము.

సంభావ్యత పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఇది చక్కని ఉదాహరణము. ఒక విమానములో 180 సీట్లు కలవనుకొందము. టిక్కెట్టు కొన్న ప్రతి నూరు మందిలో 95 మంది వత్తురనుకొందము. 180 టిక్కెట్లే అమ్మినచో సగటున 171 మంది వత్తురు. తొమ్మిది సీట్లు ఊరక పోవును. 185 టిక్కెట్లు అమ్మినచో సగటున వచ్చువారు 176 మందికి మించరు. సీట్లు అప్పటికిని మిగులుచున్నవి గదా యని తోచును. కాని సగటు సగటే. ప్రతి దినము సగటు దినము కాదు. లెక్క పూర్తిగా కట్టి చూచినచో, అట్టి ప్రయాణములు నూరింటిలో నాలుగింటికి పైగా 180 మందిని మించి జనము వచ్చి నిలుతురు. అనగా సుమారు 23 ప్రయాణములకు ఒకసారి ఎవరో ఒకరు నేలమీద మిగిలిపోవలెను.

ఈ లెక్కలో ఒక షరతు దాగియున్నది. ఒకని రాకకును మరియొకని రాకకును సంబంధము లేదని అనుకొని కట్టిన లెక్క ఇది. లోకము అట్లుండదు. పెండ్లివారు పదిమంది కలిసి టిక్కెట్లు కొన్నచో పదిమందియు వత్తురు, లేదా పదిమందియు మానుదురు. సంక్రాంతికి ఇల్లు చేరవలెనని బయలుదేరినవాడు జ్వరము వచ్చినను మానడు. అందుచేత కాగితము మీద సరిపోయిన అంచనా ముహూర్తముల దినములలోను పండుగ దినములలోను తప్పిపోవుట కలదు.

రైలు ప్రయాణము అలవాటైనవారికి ఇందులో వింత యేమి యనిపించవచ్చును. రైలులోను బెర్తులకు మించి జనముండుట సాధారణమే. కాని రైల్వేవారు ఆ సంగతి ముందే చెప్పుదురు. ఆర్.ఏ.సి. టిక్కెట్టు కొన్నవానికి కూర్చుండుటకు చోటు నిశ్చయమనియు, పండుకొనుటకు బెర్తు అనిశ్చయమనియు టిక్కెట్టు చూడగనే తెలియును. కిటికీ ప్రక్క క్రింది బెర్తును ఇద్దరు సర్దుకొని కూర్చుందురు. వెయిటింగు లిస్టులో ఎన్నవ వాడో కూడ తెలియును. ఓవర్‌బుకింగ్ అట్టిది కాదు. 185 మంది చేతిలోను ఉన్నది నిశ్చయమైన టిక్కెట్టే. వారిలో ఐదుగురికి సీటు అసలే లేదను సంగతి ఆ ఐదుగురికి తెలియదు. ఆ ఐదుగురు ఎవరో సంస్థకును తెలియదు. చోటు తక్కువ యగుట తప్పు కాదు. తక్కువయని చెప్పకుండుటలోనే చిక్కంతయు ఉన్నది.

న్యాయస్థానమునకెక్కిన సీటు

ఈ చిక్కు అమెరికాలో 1972వ సంవత్సరములో న్యాయస్థానమునకెక్కినది. ఆ దేశమున వినియోగదారుల హక్కులకై పోరాడి ప్రసిద్ధికెక్కిన రాల్ఫ్ నాడర్ ఆ యేడు ఏప్రిల్ 28న వాషింగ్టనునుండి హార్ట్‌ఫర్డు నగరమునకు పోవలసియుండెను. అచ్చట ఒక సభలో ఆయన ప్రసంగింపవలెను. అలెఘెనీ అను విమాన సంస్థ టిక్కెట్టు ఆయన చేతిలో ఉండెను. విమానమెక్కబోవువేళ సీట్లన్నియు నిండినవని చెప్పిరి. ఆయన దావా వేసెను. పరిహారమునకు సంబంధించిన నియమములు అప్పటికే ఉన్నవి. అయినను, సీట్లకు మించి టిక్కెట్లు అమ్ముదుమను సంగతిని ప్రయాణికునకు చెప్పక దాచుట వంచన కాదా యని ఆయన ప్రశ్న. ప్రయాణికుడు ఆ వాదముతో న్యాయస్థానమునకు రావచ్చునని 1976 జూన్ 7న ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

ఈ వ్యాజ్యమువలన నాడరునకు పెద్ద మొత్తమేదియు దక్కలేదు. కాని లాభము ప్రజలకు కలిగినది. అంతవరకు సంస్థల ఆంతరంగిక వ్యవహారముగా సాగిన ఓవర్‌బుకింగ్ బహిరంగ చర్చకు వచ్చినది.

కవరులో వ్రాసిన ధర

ఈ చిక్కునకు పరిష్కారము చెప్పినవాడు జూలియన్ సైమన్ అను అమెరికా అర్థశాస్త్రవేత్త. 1968లో ఆయన ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. ఉపాయము మిక్కిలి సులువైనది. విమానము నిండి జనము మిగిలినప్పుడు ప్రతి ప్రయాణికునకు ఒక కవరు ఇయ్యవలెను. ఎంత సొమ్మిచ్చినచో తరువాతి విమానమునకు ఆగుటకు సమ్మతించునో అతడు దానిలో వ్రాయవలెను. అందరికంటె తక్కువ వ్రాసినవారికి ఆ సొమ్మిచ్చి ఆపవలెను. మన ఊళ్ళలో తోటకాయు పంటకు వేలము వేసినప్పుడు ఎక్కువ పాడినవానికి సరకు దక్కును. ఇక్కడ పాట తలక్రిందులైనది: తక్కువ పాడినవానికి సొమ్ము దక్కును.

ఒక ఉదాహరణము తీసికొందము. విశాఖనుండి హైదరాబాదు పోవు విమానములో ఒక సీటు తక్కువైనది. నాతవరము విద్యార్థికి హైదరాబాదులో రెండు గంటల తేడాలో పై దేశపు విమానమున్నది. అతడు ఎంత ఇచ్చినను ఆగడు. ఒక వ్యాపారికి మధ్యాహ్నము బేరమున్నది. పదిహేను వేల రూపాయలిచ్చిన ఆగును. మనుమనిని చూడబోవు ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషికి సాయంకాలము చేరినను చాలును. నాలుగు వేలిచ్చిన ఆయన సంతోషముతో ఆగును. సంస్థయే ఎంచినచో ఏమి జరుగును? బస్సు ఆలస్యమై చివరగా వచ్చినవాడు ఆ విద్యార్థియే కావచ్చును. అప్పుడు ఒక సీటు కొరకు ఒకని చదువే ఒక విడత వెనుకబడును. అడిగినచో నాలుగు వేలతో పని జరిగిపోవును. పెద్దమనిషికి నష్టము లేదు, విద్యార్థికి భయము లేదు. సీటు ఒక్కటే అయినను, దాని వెల ఒక్కొక్కరికి ఒక్కొక్క విధముగా ఉండును. ఆ వెల కూర్చున్నవానికి తప్ప మరియెవ్వరికిని తెలియదు. కనుక అడుగక తీరదు. సైమన్ వాదమంతయు ఇంతే.

విమాన సంస్థలు పదేండ్ల వరకు ఈ సలహాను పట్టించుకొనలేదు. తుదకు అమెరికా పౌర విమానయాన మండలికి ఆల్‌ఫ్రెడ్ కాన్ అను మరియొక అర్థశాస్త్రవేత్త అధ్యక్షుడైన కాలమున, 1978లో, నియమము మారినది. ఎవరినైన బలవంతముగా ఆపుటకు ముందు, ఇష్టపడి ఆగువారికొరకు సంస్థ అడిగి తీరవలెనని విధించిరి. కవరులకు బదులు ద్వారము వద్ద నిలిచి నోటితో అడుగుట వాడుకలోనికి వచ్చినది. మొదట కొంత సొమ్మందురు. ఎవరును లేవనిచో మరికొంత పెంచుదురు. ఎవరో ఒకరు చేయి యెత్తుదురు. ఐరోపా సమాఖ్య కూడ 2004లో చేసిన చట్టములో, ముందు ఇష్టులను అడుగవలెననియు, బలవంతముగా ఆపినచో దూరమునుబట్టి 250, 400, లేక 600 యూరోలు చెల్లింపవలెననియు నిర్ణయించినది.

అడుగుట ఆపిన చోట

నియమమున్నంత మాత్రమున పని జరుగదు. 2017 ఏప్రిల్ 9న అమెరికాలోని షికాగో విమానాశ్రయములో జరిగినది లోకమంతయు చూచినది. లూయివిల్ నగరమునకు బయలుదేరబోవు యునైటెడ్ సంస్థ విమానములో ప్రయాణికులందరును కూర్చుండిరి. అప్పుడు ఆ సంస్థ తన సిబ్బంది నలుగురిని ఆ విమానములోనే పంపవలసి వచ్చినది. అది సీట్లకు మించి టిక్కెట్లు అమ్మిన విమానము కాదని సంస్థయే తరువాత చెప్పినది. అయినను నలుగురు దిగవలెను. ఇంత ఇచ్చెదమని అడిగిరి, ఎవరును లేవలేదు. అప్పుడు పాట పెంచుటకు మారుగా సంస్థవారే నలుగురిని ఎంచిరి. ముగ్గురు దిగిరి. నాలుగవవాడు 69 ఏండ్ల వైద్యుడు. మరునాడు తన రోగులను చూడవలెనని చెప్పి లేవననెను. విమానాశ్రయ భద్రతా సిబ్బంది ఆయనను సీటునుండి లాగి, నడవ వెంట ఈడ్చుకొని పోయిరి. ఆయన ముఖము గాయపడి నెత్తురు కారినది. తోటి ప్రయాణికులు తీసిన చిత్రములు ఒక దినములో దేశదేశములకు ప్రాకినవి.

ఆ నెలలోనే సంస్థ తన నియమములను మార్చుకొన్నది. ఇష్టపడి లేచువారికి 10,000 డాలర్ల వరకు ఇచ్చుటకు అనుమతించినది. భద్రతకు సంబంధించిన కారణమున్న తప్ప, కూర్చున్నవారిని పోలీసులచేత దింపింపమని ప్రకటించినది. ముందు మరికొంత పెంచి అడిగియున్నచో ఎవరో ఒకరు లేచియుందురు. అడుగుటకు వెనుదీసిన సొమ్ము కొద్ది. అడుగకపోవుటవలన పోయిన గౌరవము కొండంత.

మన దేశములో నియమము

మన దేశములో పౌర విమానయాన డైరెక్టరేటు జనరల్, అనగా డి.జి.సి.ఎ., 2010లో ఈ విషయమై నియమములు చేసినది. విమానములో చోటు చాలనప్పుడు సంస్థ ముందుగా ఇష్టపడి ఆగువారిని అడుగవలెను. వారికి ఏమి ఇచ్చుటయన్నది ఉభయులు మాట్లాడుకొనవలెను. ఇష్టులు చాలనప్పుడే ఇతరులను ఆపవచ్చును.

అట్లు ఇష్టము లేకుండ ఆపబడినవానికి పరిహారమును 2016 ఆగస్టు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణలో పెంచిరి. దాని ప్రకారము, మొదటి విమానము బయలుదేరవలసిన వేళనుండి గంటలోపుగా బయలుదేరు మరియొక విమానమున చోటిచ్చినచో పరిహారము లేదు. 24 గంటల లోపున పంపినచో, ఒక వైపు మూల చార్జీకి ఇంధన చార్జీ కలిపిన మొత్తమునకు రెండు రెట్లు. అది 10,000 రూపాయలకు మించదు. 24 గంటలు దాటినచో నాలుగు రెట్లు. అది 20,000 రూపాయలకు మించదు. ప్రయాణమే వలదనుకొన్నవానికి టిక్కెట్టు సొమ్ము పూర్తిగా తిరిగి ఇచ్చుటయే కాక, నాలుగు రెట్ల పరిహారము 20,000 రూపాయల పరిమితిలో ఇయ్యవలెను. మూల చార్జీ, ఇంధన చార్జీ కలిసి 4,000 రూపాయలైనచో ఆ సాయంకాలపు విమానమున పోయినవానికి 8,000 రూపాయలు రావలెను. అది 7,000 రూపాయలైనచో రెండు రెట్లు 14,000 అగును గాని, చేతికి వచ్చునది 10,000 మాత్రమే.

నియమములు గ్రంథస్థమై యుండుటకును ఆచరణలోనికి వచ్చుటకును దూరము కలదు. 2022 జూన్ నెలలో, టిక్కెట్టున్నవారిని ఎక్కనీయక, పరిహారమును ఇయ్యలేదని ఒక విమాన సంస్థకు డి.జి.సి.ఎ. 10 లక్షల రూపాయల జరిమానా విధించినది. బెంగుళూరు, హైదరాబాదు, ఢిల్లీ విమానాశ్రయములలో జరిపిన తనిఖీలవలన ఆ లోపము బయటపడినది.

ఇందులో చదువుకొన్నవారును సాధారణముగా గమనింపని సూక్ష్మమొకటి కలదు. పైన చెప్పిన పరిహారము ఇష్టము లేకుండ ఆపబడినవారికి. ఇష్టపడి లేచినవాడు తాను మాట్లాడుకొన్నదే పుచ్చుకొనవలెను. ‘దయచేసి కొంచెము సహకరింపుడు’ అని మెత్తగా అడిగినప్పుడు, ఆ మాటలో సహకారమెంత, హక్కు వదలుకొనుట ఎంత అని తెలిసికొని తలయూపవలెను. తరువాతి విమానములో సీటు నిశ్చయమా, లేక అచ్చటను వేచియుండవలెనా? ఇచ్చునది నగదా, మరియొక టిక్కెట్టునకు పనికివచ్చు కూపనా? కూపనైనచో ఎన్ని నెలలు చెల్లును? రాత్రి ఆగవలసి వచ్చినచో భోజనము, బస ఎవరివి? ముందు అప్పగించిన పెట్టెలు ఎక్కడ ఉండును? వేరుగా కొన్న మరియొక విమానము తప్పినచో బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాతపూర్వకముగా పుచ్చుకొన్నవాడు నష్టపోడు. న్యాయము జరుగనిచో కేంద్ర ప్రభుత్వపు ఎయిర్‌సేవా ద్వారా ఫిర్యాదు చేయవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనునకును పోవచ్చును.

ఇది త్యాగమా, బేరమా?

సొమ్ము పుచ్చుకొని లేచినవానిని త్యాగి యనవచ్చునా? అనరాదు. శిబి చక్రవర్తి పావురమునకు బదులు సొమ్ము అడుగలేదు. ఇది త్యాగము కాదు, బేరము. కాని సిగ్గుపడవలసిన బేరము కాదు. లేచినవాడు కోరి లేచినాడు. కూర్చున్నవాడు నిశ్చింతగా పోయినాడు. అధికముగా అమ్మి లాభపడజూచిన సంస్థ తన పనికి తానే వెల చెల్లించినది. తప్పు చేసినవాడు చెల్లించుట, తప్పు చేయనివాడు బాధపడకుండుట అను రెండును ఒక్కచోట చేరుట లోకములో అరుదు.

మరియొక ఆక్షేపణ దీనికంటె బలమైనది. సొమ్ము అవసరమున్న పేదవాడే ఎప్పుడును లేచును గదా, ధనవంతుడు కదలడు గదా యని కొందరందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. నాలుగు వేల రూపాయలు అందరికిని ఒక్క బరువు కాదు. అయినను అడుగని కాలమున లేచినవాడు ఎవడు? చౌక టిక్కెట్టు కొన్నవాడు, ఎరుకపరచువారు లేనివాడు, దూరమునుండి వచ్చి వరుసలో చివర నిలిచినవాడు. అప్పుడును బలహీనుడే లేచెను.  ఇప్పుడు కనీసము కాదనుటకు వానికి హక్కున్నది. కాదనుటకు హక్కున్నప్పుడే ఔననుటకు విలువ.

తాండవ జలాశయము నాతవరము మండలములోనిదే. కాలువ నీటిని వంతులు వేసికొని పారించు రైతులకు ఈ ధర్మము పుస్తకములు చూచి నేర్వవలసినది కాదు. తన చేను తడిసియున్నవాడు, ప్రక్క చేను ఎండుచున్నదని అడిగినచో తన వంతు విడుచును. మరియొకనాడు తన చేనికి అవసరమైనప్పుడు తిరిగి పుచ్చుకొనును. అడుగక రాత్రివేళ గట్టు తెగగొట్టి మళ్ళించుకొన్నవానికిని అంతే నీరు వచ్చును. నీరు ఒక్కటే, చేను ఒక్కటే. కాని మొదటిది చుట్టరికమును పెంచును. రెండవది తగవును పెంచును.

పాఠశాలలో దీనిని పరీక్షించుట కష్టము కాదు. విహారయాత్రకు బస్సులో ముందు వరుస సీట్లు నాలుగున్నవి, కోరువారు ఆరుగురున్నారనుకొందము. ఉపాధ్యాయుడు ఇద్దరిని వెనుకకు పొమ్మన్నచో ఇద్దరును ముఖములు ముడుచుకొందురు. ఏమిచ్చినచో వెనుకకు పోవుదురో చీటీలలో వ్రాయుడని ఆరుగురిని అడిగినచో, ఒకడు తిరుగు ప్రయాణములో కిటికీ చాలుననును. మరియొకడు స్నేహితుని ప్రక్కన చోటు చాలుననును. వాంతులగు పిల్లవాడు మాత్రము ఏమిచ్చినను కదలననును. వాని సంగతి అంతకు ముందు ఎవరికిని తెలియదు. ఆజ్ఞ ఇచ్చినచో ఎప్పటికిని తెలిసియుండదు.

చోటు తక్కువయగు సందర్భములు లోకమున ఎన్నియో కలవు: విమానములో, ఆసుపత్రిలో, కళాశాలలో, కాలువ గట్టున. అన్నిచోట్లను ఎవరో ఒకరు ఆగక తప్పదు. ఆగువానికి ఆ మాట ఆజ్ఞగా వినబడినదా, ప్రశ్నగా వినబడినదా యన్నదే నాగరికతకు కొలత.